ఏళ్ల తరబడి బాగా పనిచేసిన బృందం ఎందుకు నెమ్మదిస్తుంది? దాన్ని నిలబెట్టేది ఏమిటి?

తూర్పుగాలి
మా విభాగంలో ఎనిమిది మందిమి కొన్నేళ్లుగా కలిసి పనిచేస్తున్నాం. ఒకప్పుడు కష్టమైన పనులను కూడా గడువుకు ముందే పూర్తిచేసి అప్పగించేవాళ్లం. ఇప్పటికీ మా మధ్య తగాదాలు లేవు, ఎవరి నైపుణ్యమూ తగ్గలేదు, పని ఎగ్గొట్టేవారు ఒక్కరూ లేరు. అయినా వేగం, నాణ్యత రెండూ పడిపోతున్నాయన్నది మేమంతా ఒప్పుకునే విషయమే. పై అధికారులు రెండు మార్గాలు సూచించారు. ఒకటి, ఏడాదికోసారి సగం మందిని వేరే బృందాలకు మార్చడం. రెండోది, అందరినీ రెండు రోజులు విహారయాత్రకు తీసుకెళ్లి సరదా ఆటలు ఆడించడం. మొదటిదానివల్ల ఇన్నేళ్లుగా కుదిరిన పొందిక చెదిరిపోతుందని నా భయం. రెండోదానితో అసలు సమస్య కదలదని నా అభిప్రాయం. దీర్ఘకాలం పాటు ఒక బృందం పదును తగ్గకుండా ఉండటానికి నిజంగా తోడ్పడేది ఏమిటో, ప్రత్యక్షంగా చూసినవారు చెప్పగలరా?

రాత్రిషిఫ్టు
సగం మందిని మార్చే ఆలోచనకు తేలికగా తలూపకండి. నేను ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్‌లో పనిచేస్తాను. డాక్టరు చెయ్యి చాచకముందే ఏ పరికరం అందించాలో తెలిసిన సిస్టరు పక్కన ఉన్నప్పుడు ఆపరేషన్ సాగే తీరే వేరు. ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. ఒకటికి మించి ఆసుపత్రుల్లో గుండె ఆపరేషన్లు చేసే సర్జన్ల ఫలితాలను హార్వర్డ్ పరిశోధకులు ఇద్దరు పరిశీలించి 2006లో ప్రచురించారు. ఒక ఆసుపత్రిలో ఎన్ని ఎక్కువ ఆపరేషన్లు చేస్తే అక్కడ వారి ఫలితాలు అంతగా మెరుగుపడ్డాయి, కానీ ఆ మెరుగుదల మరో ఆసుపత్రికి వారి వెంట రాలేదు. సర్జన్ చేతిలో ఉన్నదని మనం అనుకునే నైపుణ్యంలో కొంత భాగం చుట్టూ ఉన్న మనుషుల్లో, అక్కడి పద్ధతుల్లో ఉందన్నమాట.

రెక్కలచప్పుడు
రాత్రిషిఫ్టు గారు చెప్పినదానికి విమానయానంలోనూ ఆధారాలున్నాయి. విమాన సిబ్బంది పాత్ర ఉన్న పెద్ద ప్రమాదాలపై అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 1994లో ఒక అధ్యయనం వెలువరించింది. ఇద్దరు పైలట్లు ఎంతకాలంగా కలిసి ఎగురుతున్నారన్న సమాచారం దొరికిన ప్రమాదాల్లో 73 శాతం వారు కలిసి పనిచేసిన మొదటి రోజునే జరిగాయి. 44 శాతం మొదటి ప్రయాణంలోనే జరిగాయి.

దానికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 1986 నాటి నాసా ప్రయోగం. కొన్ని రోజుల విధుల తర్వాత అలసిపోయి వచ్చిన సిబ్బందినీ, విశ్రాంతి తీసుకుని తాజాగా వచ్చిన సిబ్బందినీ సిమ్యులేటర్‌లో పరీక్షించారు. అలసినవారే ఎక్కువ తప్పులు చేస్తారని ఎవరైనా అనుకుంటారు, కానీ జరిగింది దానికి వ్యతిరేకం. అలసినవారు ఆ కొన్ని రోజులూ కలిసి ఎగిరినవారు, తాజాగా వచ్చినవారు ఒకరికొకరు కొత్త. కలిసి పనిచేసిన అలవాటు అలసటను కూడా అధిగమించింది.

నిక్కచ్చి
ఆ 73 శాతాన్ని కాస్త జాగ్రత్తగా వాడాలి. సమాచారం దొరికిన ప్రమాదాలు పదిహేను ప్రాంతంలోనే ఉన్నాయి. పైగా పైలట్ల జతలు తరచూ మారుతుంటాయి కాబట్టి, ప్రమాదం లేని మామూలు రోజుల్లో ఎన్ని జతలు కొత్తవో తెలియనిదే ఆ శాతాన్ని సరిగా అర్థం చేసుకోలేం. నాసా ప్రయోగం మాత్రం గట్టిదే.

అయితే మీరిద్దరూ చెప్పినవి తూర్పుగాలి గారి ప్రశ్నకు సగం జవాబే. కొత్త బృందం కంటే పాత బృందం మేలన్నది నిజం, కానీ ఎంత పాతబడేవరకు? రాల్ఫ్ కాట్జ్ అనే పరిశోధకుడు ఒక పెద్ద అమెరికన్ సంస్థలోని 50 పరిశోధన, అభివృద్ధి బృందాలను పరిశీలించి 1982లో ఫలితాలు ప్రకటించారు. మొదటి ఒకటిన్నర, రెండేళ్ల వరకు బృందాల పనితీరు పెరిగింది, తర్వాత కొంతకాలం నిలకడగా ఉంది, సభ్యులు సగటున ఐదేళ్లు దాటి కలిసి ఉన్న బృందాల్లో మాత్రం స్పష్టంగా పడిపోయింది. దీనికి వయసో, నైపుణ్యం తగ్గడమో కారణం కాదు. బృందం పాతబడేకొద్దీ సభ్యులు బయటివారితో మాట్లాడటం తగ్గించేశారు. సంస్థలోని మిగతా విభాగాలతోనూ, వృత్తిలోని ఇతర నిపుణులతోనూ సంభాషణ సన్నగిల్లిపోయింది. తమకు కావలసినదంతా తమ దగ్గరే ఉందన్న నమ్మకం వారికి తెలియకుండానే బలపడింది.

కాబట్టి తూర్పుగాలి గారూ, మిమ్మల్ని ఒకటే అడుగుతాను. మీ పనిని వాడుకునేవారితో మీ బృందంలో ఎవరైనా నేరుగా మాట్లాడి ఎంతకాలమైంది?

చిరుమొలక
నిక్కచ్చి గారి ప్రశ్న చదవగానే మా బృందమే కళ్లముందు మెదిలింది. మా సమావేశాలు చాలా సాఫీగా సాగుతాయి. అంత సాఫీగా సాగడమే మంచిది కాదేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

తూర్పుగాలి
నిక్కచ్చి గారూ, మీరు అడిగినది సూటిగా తగిలింది. మేము తయారుచేసే నివేదికలను వాడే విభాగంతో మొదట్లో వారానికోసారి కూర్చునేవాళ్లం. వారికి ఏం కావాలో మాకు తెలిసిపోయిందన్న ధీమాతో క్రమంగా అది ఆగిపోయింది. ఈ మధ్య వారు మా నివేదికను తిరిగి తమ పద్ధతిలో మార్చుకుని వాడుకుంటున్నారని వేరేవారి ద్వారా తెలిసింది. మాకెవరూ నేరుగా చెప్పలేదు.

ప్లాంటుమనిషి
చెప్పకపోవడం అన్నది పెద్ద సంకేతం. మీకు చెప్పినా ప్రయోజనం ఉండదని వారు అనుకుని ఉండవచ్చు. లేదా చెబితే నొచ్చుకుంటారని భయపడి ఉండవచ్చు.

టయోటా కర్మాగారాల్లో ఒక ఏర్పాటు ఉంది. తన దగ్గర ఏదైనా తేడా కనిపిస్తే మామూలు కార్మికుడు కూడా తాడు లాగి, హెచ్చరిక బల్బు వెలిగించి సాయం పిలవవచ్చు. నిర్ణీత సమయంలో సమస్య తీరకపోతే ఉత్పత్తి వరుస ఆగుతుంది. బయటివారు దాన్ని చూసి తాడు పెట్టుకుంటారు, బల్బు పెట్టుకుంటారు, కానీ తాడు లాగిన వెంటనే టీమ్ లీడర్ పరుగున రావడం, వచ్చి "ఎందుకు ఆపావు?" అని నిలదీయకుండా "ఏం కనిపించింది?" అని అడగడం అన్న అసలు భాగాన్ని వదిలేస్తారు. నేను పనిచేసిన ఒక ప్లాంటులో సరిగ్గా ఇదే జరిగింది. ఏర్పాటు ఉంది, లాగినవారికి చీవాట్లు ఉన్నాయి. కొద్ది నెలల్లో ఎవరూ దాని జోలికి పోవడం మానేశారు, లోపాలు మాత్రం చివరి తనిఖీలో కుప్పలుగా బయటపడేవి. నివేదికల పనైనా, యంత్రాల పనైనా, సమస్యను ముందుగా చెప్పినవారికి ఏమవుతుందన్నదాన్ని బట్టే బృందం ఎంతకాలం నిలుస్తుందో చెప్పవచ్చు.

రాత్రిషిఫ్టు
ప్లాంటుమనిషి గారు చెప్పినదే ఆసుపత్రుల్లో ఒక పరిశోధనలో విచిత్రంగా బయటపడింది. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో వార్డుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి నాయకత్వం, మంచి సంబంధాలు ఉన్న వార్డుల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆశించారు. లెక్కల్లో మాత్రం ఆ వార్డుల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. లోతుగా చూస్తే, అక్కడ దాచకుండా చెప్పుకుంటున్నారని, మిగతా వార్డుల్లో భయంతో కప్పిపెడుతున్నారని తేలింది. తర్వాత 1999లో ఒక తయారీ సంస్థలోని 51 బృందాలను పరిశీలించి, నిర్భయంగా నోరు విప్పగలిగే బృందాలే నేర్చుకుంటాయనీ, నేర్చుకునే బృందాలే బాగా పనిచేస్తాయనీ ఆమె చూపించారు. అందుకే "మా బృందంలో సమస్యలేమీ లేవు" అన్న మాట వింటే నాకు ధైర్యం కలగదు, అనుమానం కలుగుతుంది.

గట్టుమీదివాడు
అందరూ నిర్భయంగా మాట్లాడటం గురించే చెబుతున్నారు గానీ, దాని పేరుతో పని ప్రమాణాలు దిగజారిన చోట్ల నేను పనిచేశాను. ఎవరినీ ఏమీ అనకూడదు, అంటే వాతావరణం చెడుతుందన్న వాదనతో, గడువు తప్పినవారిని కూడా అడిగే దిక్కు లేకుండా పోయింది. కష్టపడేవారు విసిగి వెళ్లిపోయారు. సౌమ్యత ఒక్కటే బృందాన్ని నిలబెట్టదు.

రాత్రిషిఫ్టు
గట్టుమీదివాడు గారూ, మీరు వర్ణించినది నిర్భయంగా మాట్లాడే వాతావరణం కాదు, దానికి పూర్తి వ్యతిరేకం. గడువు తప్పిన సహోద్యోగితో "నీవల్ల నా పని ఆగింది" అని చెప్పలేకపోవడం కూడా భయమే. మా థియేటర్‌లో ఆపరేషన్ ముగించే ముందు గాజుగుడ్డల లెక్క సరిపోకపోతే, ఎంత పెద్ద సర్జన్ అయినా కుట్లు వేయకుండా ఆపమని సిస్టరు చెప్పి తీరాలి. అక్కడ సౌమ్యతకు చోటు లేదు, అవమానించడానికీ లేదు.

గట్టుమీదివాడు
ఆ ఉదాహరణతో మీరు చెప్పేది ఒప్పుకుంటాను. అయితే ప్రమాణం ఏమిటో ముందే అందరికీ తెలిసి ఉండాలన్న నా మాట అలాగే ఉంది. గాజుగుడ్డల లెక్క సరిపోయిందా లేదా అన్నదానిలో సందిగ్ధం లేదు. ఆఫీసు పనుల్లో "బాగా చేయడం" అంటే ఏమిటో రాసిపెట్టుకున్న బృందాలు చాలా అరుదు.

వెలుతురు
ఇక్కడే నేను రిచర్డ్ హ్యాక్‌మన్ ఆలోచనను ముందుకు తేవాలనుకుంటున్నాను. దశాబ్దాల పాటు బృందాలపై పనిచేసిన ఆయన వాదన ప్రకారం, మనుషుల మధ్య సంబంధాలు బాగుంటే పని బాగుంటుందనుకోవడం చాలాసార్లు తలకిందులు. పని సవ్యంగా సాగే ఏర్పాట్లు ఉంటే సంబంధాలు వాటంతట అవే బాగుపడతాయి. ఎవరు సభ్యులో ఎవరు కారో స్పష్టంగా తెలియడం, ఎందుకు పనిచేస్తున్నామో అందరికీ ఒకేలా అర్థమవడం, పనికి తగిన నిర్మాణం, సంస్థ నుంచి అవసరమైన సమాచారం, వనరులు, సమయానికి మార్గదర్శనం, వీటినే ఆయన పునాదులుగా చెప్పారు. ఇవి లేనిచోట విహారయాత్రలు ఎన్ని చేసినా, తిరిగి వచ్చిన సోమవారం పాత చిక్కులే ఎదురుచూస్తుంటాయి.

కాలం గడిచేకొద్దీ ఈ పునాదులే చడీచప్పుడు లేకుండా కదిలిపోతాయి. మొదట్లో స్పష్టంగా ఉన్న లక్ష్యం సంస్థ అవసరాలు మారడంతో పాతబడుతుంది. ఒకరు తాత్కాలికంగా తీసుకున్న బాధ్యత శాశ్వతంగా వారి నెత్తిన ఉండిపోతుంది. ఇద్దరు చేస్తున్నామనుకునే పనిని ఎవరూ చేయరు. వీటిలో ఏదీ తగాదాగా బయటపడదు కాబట్టి ఎవరూ గమనించరు. తూర్పుగాలి గారి బృందంలో గొడవలు లేకపోయినా పని తగ్గడానికి ఇదే కారణమై ఉండవచ్చని నా అంచనా.

చిరుమొలక
బృందాలు ఏర్పడటం, ఘర్షణ పడటం, కుదురుకోవడం, రాణించడం అన్న దశల గురించి శిక్షణ తరగతిలో చెప్పారు. ఒకసారి రాణించే దశకు చేరాక మళ్లీ వెనక్కి వెళ్లే అవకాశం ఉందా?

నిక్కచ్చి
ఉంది. ఆ నాలుగు దశలను 1965లో మనస్తత్వ శాస్త్రవేత్త బ్రూస్ టక్‌మన్ ప్రతిపాదించారు, 1977లో మేరీ ఆన్ జెన్సెన్‌తో కలిసి విడిపోయే దశను చేర్చారు. ఆయన ఆధారపడిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం మానసిక చికిత్స బృందాలు, శిక్షణ బృందాలకు సంబంధించినవి. ఏళ్ల తరబడి సాగే ఉద్యోగ బృందాలకు దాన్ని ఎక్కిన తర్వాత దిగనవసరం లేని మెట్లుగా అన్వయించడం సరికాదు. సభ్యుడు మారినా, లక్ష్యం మారినా, పై అధికారి మారినా కొంత పని మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సిందే.

తూర్పుగాలి
వెలుతురు గారు చెప్పిన "తాత్కాలిక బాధ్యత శాశ్వతం కావడం" మా దగ్గర అక్షరాలా ఉంది. ఒక సహోద్యోగి ఎప్పుడో అత్యవసరంగా తీసుకున్న పని ఇప్పటికీ ఆయనే చేస్తున్నారు. అది ఎలా చేయాలో మరెవరికీ తెలియదు. ఆయన సెలవు పెడితే మా గడువులన్నీ తప్పుతాయి.

ప్లాంటుమనిషి
ముందుగా దాన్ని సరిదిద్దండి. ఎవరికి ఏది తెలుసో అందరికీ తెలియడం బృందానికి బలమే. డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో దీనికి ఒక సిద్ధాంతమే కట్టారు. కలిసి ఉండేవారు అన్నీ అందరూ గుర్తుపెట్టుకోరు, ఏది ఎవరిని అడగాలో గుర్తుపెట్టుకుంటారు. పాత బృందాల వేగానికి ఇదొక రహస్యం. కానీ ఒక్కరి దగ్గరే ఉన్న జ్ఞానం ఆ ఒక్కరితోనే వెళ్లిపోతుంది. ప్రతి కీలకమైన పనికీ రెండో మనిషి ఉండాలి. ఆ రెండో మనిషి పక్కన కూర్చుని చూస్తే చాలదు, మొదటి మనిషి అందుబాటులో ఉండగానే ఏడాదిలో కొన్నిసార్లు స్వయంగా చేసి చూడాలి. కాగితం మీద రాసిన పద్ధతి ఎక్కడ అసంపూర్ణంగా ఉందో అప్పుడే తెలుస్తుంది.

మూడోగంట
ఆ సహోద్యోగి దీన్ని తన స్థానానికి ముప్పుగా భావించవచ్చు. ఆ కోణాన్ని మరచిపోకండి. మా విభాగంలో ఇలాంటి పని పంచినప్పుడు, ఏళ్ల తరబడి మోసిన వ్యక్తికి అంతకంటే ఆసక్తికరమైన కొత్త బాధ్యతను ముందుగా చూపించి, ఆ తర్వాతే పాతదాన్ని పంచారు. క్రమం తారుమారై ఉంటే ఆయన సహకరించి ఉండేవారు కాదు.

తూర్పుగాలి
మంచి సూచన. ఆయనకు చాలాకాలంగా ఆసక్తి ఉన్న మరో పని మా దగ్గర పెండింగ్‌లో ఉంది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

గట్టుమీదివాడు
మదింపు విధానం గురించి ఎవరూ మాట్లాడలేదు. కలిసి పనిచేయమని చెబుతూ, ఏడాది చివర ఒకరితో ఒకరిని పోల్చి వరుసక్రమంలో నిలబెడితే ఎవరు ఎవరికి నేర్పుతారు? మైక్రోసాఫ్ట్ చాలా ఏళ్లు ఉద్యోగులను అలా శ్రేణులుగా విభజించి, 2013 నవంబరులో ఆ పద్ధతిని ఎత్తివేసింది. జట్టుగా పనిచేయడానికి ప్రాధాన్యం పెంచడం అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి. మీ సంస్థలో అలాంటిది ఉంటే, కీలకమైన పనిని ఒక్కరే గుప్పిట్లో పెట్టుకోవడం ఆ వ్యక్తి స్వభావ దోషం కాదు, ఆ విధానం నేర్పిన ఆత్మరక్షణ.

వెలుతురు
గట్టుమీదివాడు గారితో ఈ చర్చలో మొదటిసారి పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

మూడోగంట
బృందం పరిమాణం సంగతేమిటి? మా దగ్గర పని ఆలస్యమైనప్పుడల్లా మరో ఇద్దరిని చేరుస్తారు, ఆలస్యం ఇంకా పెరుగుతుంది.

నిక్కచ్చి
ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషులను చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే హెచ్చరించారు. కొత్తవారికి నేర్పడానికి పాతవారి సమయమే ఖర్చవుతుంది. పైగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు ఐదుగురిలో 10, పదిమందిలో 45, పదిహేను మందిలో 105. తూర్పుగాలి గారి ఎనిమిది మందిలో 28. అది భరించగలిగే సంఖ్యే. కాబట్టి వారి ఇబ్బంది పరిమాణం నుంచి వచ్చింది కాదనుకుంటాను.

రెక్కలచప్పుడు
ఏది కదిలిపోయిందో కనిపెట్టడానికి ఒక క్రమమైన అలవాటు అవసరం. పని ముగిసిన వెంటనే కూర్చుని ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకు వచ్చింది, వచ్చేసారి ఏం మారుస్తాం అని చూసుకునే పద్ధతిని అమెరికా సైన్యం 1970లలో అభివృద్ధి చేసింది. ఇలాంటి సమీక్షలపై అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను కలిపి 2013లో విశ్లేషిస్తే, వాటివల్ల పనితీరు సగటున 20 నుంచి 25 శాతం మెరుగుపడిందని తేలింది. దాదాపు ఖర్చు లేని పనికి ఇది చాలా పెద్ద ఫలితం.

చిరుమొలక
మా దగ్గర రెండు వారాలకోసారి ఇలాంటి సమావేశం జరుగుతుంది. ప్రతిసారీ అవే మాటలు, అదే జాబితా. ఎవరికీ ఆసక్తి లేదు.

రాత్రిషిఫ్టు
అది మీ ఒక్కరి ఇబ్బంది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ సమయంలో ఒక్కొక్కటిగా సరిచూసుకోవాల్సిన 19 అంశాలతో భద్రతా పట్టికను విడుదల చేసింది. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. అయితే కెనడాలోని ఒంటారియోలో వందకు పైగా ఆసుపత్రుల్లో ప్రవేశపెట్టిన తర్వాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2014లో మరో అధ్యయనం వచ్చింది. దీనిపై ఇప్పటికీ వాదనలున్నాయి. నా ఉద్యోగంలో నేను చూసింది మాత్రం ఇది: పట్టికలో అందరూ తమ పేరు, పాత్ర చెప్పుకోవాలన్న అంశం ఉంది. కొన్నిచోట్ల నిజంగా ఆగి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని చెప్పుకుంటారు. కొన్నిచోట్ల చేతులు వేరే పనిలో ఉండగానే ఎవరో ఒకరు గడుల్లో టిక్కులు పెట్టేస్తారు. రెండింట్లోనూ కాగితం ఒకేలా నిండుతుంది.

ప్లాంటుమనిషి
చిరుమొలక గారూ, గత సమావేశంలో మారుస్తామన్నది మారిందా లేదా అన్న ప్రశ్నతో ప్రతి సమావేశాన్నీ మొదలుపెట్టమని అడగండి. ఒక్కసారికి ఒక్క మార్పే ఎంచుకోండి, దానికి ఒక్కరి పేరు రాయండి. చెప్పినదానివల్ల ఏదో కదిలిందని కళ్లారా చూసినప్పుడే మనుషులు మళ్లీ చెబుతారు. నేను చూసిన ప్లాంట్లలో సమీక్షలు చచ్చిపోయింది మాటలు లేక కాదు, చెప్పిన మాటకు ఫలితం కనిపించక.

తూర్పుగాలి
ఇవన్నీ చదివాక పై అధికారులకు మూడో మార్గం ప్రతిపాదించాలనుకుంటున్నాను. సగం మందిని మార్చవద్దు, ఒక్కరిని కొత్తగా ఇవ్వండి. మాలో ఒకరు ఒక మూడు నెలలు మా నివేదికలు వాడే విభాగంలో కూర్చుని పనిచేసి వస్తారు. బాధ్యతల జాబితాను మొదటి నుంచి తిరిగి రాసుకుంటాం. దీనిలో లోపాలు ఉంటే చెప్పండి.

నిక్కచ్చి
హ్యాక్‌మన్ కూడా దాదాపు ఇదే చెప్పారు. బృందాలను స్థిరంగా ఉంచాలన్నది ఆయన గట్టి అభిప్రాయం, పరిశోధన బృందాలకు మాత్రం మూడు నాలుగేళ్లకు ఒక కొత్త మనిషి అవసరమన్నారు. మీ ప్రతిపాదనలో ఒకటి జోడించండి. కొత్తగా వచ్చినవారు మొదటి నెలలో తమకు వింతగా తోచిన ప్రతిదాన్నీ రాసి ఉంచాలి, బృందం దాన్ని కలిసి చదవాలి. రెండు మూడు నెలలు గడిస్తే వారికీ అన్నీ మామూలుగానే కనిపించడం మొదలవుతుంది, ఆ చూపు మళ్లీ దొరకదు.

మూడోగంట
వారు రాసింది చదివేటప్పుడు పాతవారు ప్రతి అంశానికీ "అది ఎందుకలా ఉందంటే" అని సమర్థన మొదలుపెట్టకుండా చూసుకోండి. అది జరిగితే రెండో నెల నుంచి కొత్తవారు ఏమీ రాయరు.

తూర్పుగాలి
ఆ మొదటి సమావేశాన్ని ఎవరు నడిపితే మంచిది? మా మేనేజర్ మంచివారే, కానీ ఆయన మాట్లాడాక మిగతావారు దానికి భిన్నంగా చెప్పడం అరుదు.

రెక్కలచప్పుడు
1977లో స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్ కోసం పరుగు మొదలుపెట్టిన విమానంలోని ఫ్లైట్ ఇంజనీరు ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని అనుమానం వెలిబుచ్చినా, ఎంతో అనుభవమున్న కెప్టెన్ లేదని చెప్పడంతో ఆ మాట అక్కడితో ఆగిపోయింది. తర్వాతి సంవత్సరాల్లో సిబ్బంది శిక్షణే మారింది, కిందివారు ఎలా చెప్పాలో, కెప్టెన్లు ఎలా వినాలో నేర్పడం మొదలుపెట్టారు. మీ సమావేశాన్ని మేనేజర్ కాకుండా సభ్యుల్లో ఒకరు నడపాలి, ప్రతిసారీ మనిషి మారాలి. మాట్లాడే ముందు అందరూ తమ అభిప్రాయాన్ని కాగితంపై రాసుకోవాలి. మేనేజర్ చివర మాట్లాడాలి, ఆ సంగతి ఆయనకు ముందురోజే విడిగా చెప్పి ఒప్పించండి.

తూర్పుగాలి
ముందురోజే మాట్లాడతాను. ఆయన కాదనరనే అనుకుంటున్నాను.